బడికని బయలుదేరి సరిహద్దు దాటుతున్న కొడుకు

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక తల్లి, తన పేరు వేయవద్దని కోరుతూ, నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె ఇంటి ముందు గదిలోనే టిఫిన్ దుకాణం నడుపుతున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే పొద్దున పదిన్నర దాటేవరకు తలెత్తే తీరిక ఉండదు. భర్త లారీ డ్రైవరు, నెలలో చాలా రోజులు రాయపూర్, విశాఖపట్నం దారుల్లోనే గడుపుతారు. పద్నాలుగేళ్ల కొడుకు ఏడో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఎనిమిదిలో ఒడియా మాధ్యమం ఉన్నత పాఠశాలలో చేరి, ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. కూతురు ఆరో తరగతి, ఇంకా తెలుగు బడిలోనే చదువుతోంది.

నవంబరు ఆఖరున హెడ్మాస్టరు కబురు పంపితే ఆమె బడికి వెళ్లారు. ఏప్రిల్ నుంచి జరిగిన 132 పనిదినాల్లో బాబు 81 రోజులే వచ్చాడనీ, 75 శాతం హాజరు లేకపోతే పై తరగతికి పంపడం కష్టమనీ ఆయన చెప్పారు. ఏప్రిల్, జూన్ నెలల్లో ఒక్కరోజు కూడా మానని పిల్లవాడు జూలైలో అక్కడక్కడా మానడం మొదలుపెట్టాడట, ఆగస్టులో మలేరియాతో తొమ్మిది రోజులు పడుకున్నాడు, ఆ తర్వాత వారానికి రెండు మూడు రోజులు కనిపించడమే లేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన సైకిలు మీదే రోజూ యూనిఫారంతో బయలుదేరి, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో ఒక సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో కూర్చుంటున్నాడని ఆమెకు తర్వాత తెలిసింది. జామెట్రీ బాక్సులో 1,400 రూపాయలు దొరికాయి. గట్టిగా అడిగితే, "అక్కడ నాకేమీ అర్థం కాదమ్మా, లెక్కల్లో వాళ్ల నాలుగు మన ఎనిమిదిలా ఉంటుంది" అన్నాడు, ఒకసారి సైన్సు పాఠం నిలబడి చదవమంటే తడబడ్డాడనీ, ఆ రోజు నుంచి తోటి పిల్లలు "తెలెంగా" (తెలుగువాడు) అని ఆటపట్టిస్తున్నారనీ చెప్పి ఊరుకున్నాడు. "దుకాణానికి వచ్చేవాళ్లతో ఒడియాలో గలగలా మాట్లాడేవాడికి బడిలో అర్థం కాకపోవడమేమిటి, ఇది సాకు కాదా" అన్నది ఆ తల్లి సందేహం.

చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట చెబుతున్నారు. మానిన రోజులన్నిటికీ డాక్టరు సర్టిఫికెట్ సంపాదించి ఇస్తానని ఒకాయన అన్నారు. టెక్కలిలో ఉన్న అన్నయ్య, బాబును తన దగ్గరకు పంపేస్తే అక్కడే చదివిస్తానంటున్నారు. పేరు ఇక్కడే ఉంచి పాతపట్నం బడిలో కూర్చోబెట్టమని, ఆంధ్రాలో అయితే తల్లి ఖాతాలో డబ్బు కూడా పడుతుందని పొరుగింటావిడ సలహా. భర్తకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెబితే బడి మానిపించి లారీ క్లీనరుగా ఎక్కించుకుంటారని ఆమె భయం. ఇవేవీ తేలకముందే సంక్రాంతి వస్తోంది, పిల్లలిద్దరినీ నరసన్నపేట దగ్గర అమ్మమ్మగారింటికి పది రోజులు పంపుతానని ఆమె ఎప్పుడో మాటిచ్చేశారు. "వాణ్ని కొట్టాలా, బుజ్జగించాలా, బడి మార్చాలా" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీరు అడిగిన మూడు మాటల్లో మొదటిదాన్ని పక్కన పెడదాం, ఎందుకంటే దెబ్బలు తిన్న పిల్లవాడు పాతపట్నం మానేసి ఇంకో ఊరు వెతుక్కోగలడు, సైకిలు ఎలాగూ ఉంది. మిగిలిన విషయంలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి మిమ్మల్ని భయపెడుతున్నాయి. ఈ ఏడాది హాజరు లోటు పూడ్చడానికి గడువు దగ్గరలో ఉంది. వచ్చే ఏడాది ఎక్కడ చదవాలన్న నిర్ణయానికి మాత్రం ఇంకా కొన్ని నెలల వ్యవధి ఉంది. రెండిటినీ ఒకే రాత్రి తేల్చాలనుకోవడం వల్లే మీకు నిద్ర పట్టడం లేదనిపిస్తోంది.

ముందు లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు నిర్దేశించింది. మీ బడి తొమ్మిదో తరగతికి కూడా దాదాపు అన్నే రోజులు పనిచేస్తుందనుకుంటే, 75 శాతం అంటే 165 రోజులు. బాబు ఇప్పటికి వచ్చినవి 81, అంటే ఇంకా 84 రోజులు రావాలి, మిగిలిన పనిదినాలు 88. హెడ్మాస్టరు దగ్గర అసలు సంఖ్య తీసుకుని ఈ లెక్క మీరే సరిచూసుకోండి గానీ, మార్చి దాకా బాబు మానగలిగినవి సుమారు నాలుగు రోజులేనని గుర్తుంచుకుంటే చాలు. ఒడిశా బడులకు మకర సంక్రాంతి నాడే సెలవు, ఆంధ్రాలో లాగా వారానికి పైగా ఉండదు. భోగి పొద్దున వెళ్లి కనుమ రాత్రికి తిరిగి వచ్చినా ఆ నాలుగింట్లో రెండు రోజులు ఖర్చవుతాయి, పది రోజులు పంపితే ఈ ఏడాది ఆశ అక్కడితో సరి. పాపను పంపి బాబును ఉంచడం అతనికి శిక్షలా కనిపించవచ్చు. అందుకని అందరూ కలిసి పండుగ మూడు రోజులూ వెళ్లి రావడమో, లేక ఈసారికి అమ్మమ్మగారినే పర్లాకిమిడికి పిలిపించుకోవడమో ఆలోచించండి. ఏది చేసినా ఈ లెక్క బాబు ముందు కూర్చుని, అతని చేత్తోనే వేయించి చూపించండి.

మలేరియాతో పోయిన తొమ్మిది రోజుల సంగతి వేరు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసిన కాగితం, మందుల చీటీ ఉంటే ఆ రోజులకు మాత్రం ఒక దరఖాస్తు రాసి, వాటి నకళ్లు జతచేసి ఇవ్వండి. లోటు కొద్దిపాటిదైతే నిజమైన అనారోగ్యాన్ని బడులు, బోర్డులు పరిగణనలోకి తీసుకోవడం పరిపాటే. మానిన 51 రోజుల్లో మిగిలిన 42 రోజులకు కూడా కాగితం తెస్తానన్న పెద్దమనిషి మీకు మేలు చేయడం లేదు. బాబు ఆ రోజుల్లో సైకిలు మీద తిరగడం ఊళ్లో ఎందరో చూసి ఉంటారు, బహుశా వాళ్లలో అతని మాస్టార్లూ ఉంటారు. ఆ ఒక్క కాగితం అబద్ధమని తేలితే మలేరియా కాగితాన్ని కూడా ఎవరూ నమ్మరు. పైగా దొంగ సర్టిఫికెట్ ఇవ్వడమూ, తెలిసి వాడుకోవడమూ నేరాలే.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒడియా గలగలా మాట్లాడేవాడికి పాఠం అర్థం కాకపోవడం సాకు అని మీరు అనుకుంటున్నారు. మాస్టార్లూ బహుశా అదే అనుకుంటున్నారు, బాబు కష్టమంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. వీధిలో, దుకాణంలో చెవితో పట్టుకున్న భాష వేరు, తొమ్మిదో తరగతి పుస్తకంలో వాక్యం చదివి, దాని అర్థం పట్టుకుని, మళ్లీ అదే లిపిలో సొంతంగా జవాబు రాయడం వేరు. తెలుగు బడిలో ఒడియాను ఒక సబ్జెక్టుగా చదివిన పిల్లవాడికి అది ఒక పుస్తకం మాత్రమే, ఎనిమిదిలోకి రాగానే అన్ని పుస్తకాలూ అదే అయిపోయాయి. అసలు ఒడియా రాని పిల్లవాడైతే మాస్టారు జాలిపడి నెమ్మదిగా చెబుతారు, బాగా మాట్లాడే పిల్లవాడు తడబడితే బద్ధకం అనుకుంటారు. ఎనిమిదిలో ఎలాగో గట్టెక్కిన పిల్లవాడికి తొమ్మిదిలో బీజగణితం, జ్యామితి, భౌతికశాస్త్రం ఒక్కసారిగా బరువెక్కాయి, ఆ సమయంలోనే అందరి ముందూ చదవమన్నారు. జూలైలో మొదలైన గైర్హాజరుకు ఇదే మూలమని నా అంచనా. సైకిలు, సెల్‌ఫోన్ దుకాణం బడి మానేందుకు వీలు కల్పించాయంతే.

నా అంచనా నిజమో కాదో చూసుకోవడానికి ఒక మార్గం ఉంది. హెడ్మాస్టరును అడిగి హాజరు రిజిస్టర్‌లో బాబు పేరు ఎదురుగా ఉన్న వరుసను నెలవారీగా ఒక కాగితం మీద ఎక్కించుకోండి, పక్కన తరగతి టైంటేబుల్ పెట్టుకోండి. మానిన రోజులు ఏ పీరియడ్లు ఉన్న రోజులో కనిపిస్తుంది. లెక్కలు, సైన్సు వరుసగా ఉన్న రోజులే ఎక్కువగా పోతే సమస్య పాఠంలో ఉంది. అలా కాకుండా ఏ రోజు పడితే ఆ రోజు మాని ఉంటే, తోటి పిల్లల వేధింపో, దుకాణం మీద మోజో ఎక్కువ పనిచేస్తోందని అర్థం, అప్పుడు మాట్లాడవలసింది క్లాసు టీచరుతో. పేరు పెట్టి పిలవడం గురించి ఆయనకు చెప్పేటప్పుడు, ఏ పిల్లలు అన్నారో జాబితా ఇవ్వకుండా, బాబు కూర్చునే చోటు మార్చమనీ, నిలబెట్టి చదివించడం కొన్నాళ్లు ఆపమనీ అడగండి. ఫిర్యాదు మీద ఫిర్యాదు పెడితే బాబుకు ఇంకో ముద్దుపేరు తగిలే ప్రమాదం ఉంది.

ఈ బడిలోనే కొనసాగాలనుకుంటే చేయవలసిన పని కష్టమైనదే గానీ అసాధ్యం కాదు. త్రిభుజం, బీజగణితం, పరమాణువు వంటి శాస్త్ర పదాలు ఒడియాలోనూ ఇంచుమించు అవే, ఎందుకంటే రెండు భాషలూ వాటిని సంస్కృతం నుంచే తీసుకున్నాయి. కాబట్టి బాబుకు అడ్డం పడుతున్నది చాలావరకు లిపి, అంకెలు, వాక్యం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన తొమ్మిదో తరగతి లెక్కలు, సైన్సు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. పాతపట్నంలో ఎవరినడిగినా పాత ప్రతి దొరుకుతుంది. పాఠాల వరుస తేడా ఉండవచ్చు గానీ తొమ్మిదో తరగతి బహుపదులు ఎక్కడైనా బహుపదులే. రాత్రి తెలుగులో అర్థం చేసుకుని, పొద్దున ఒడియా పుస్తకంలో అదే పాఠం చూసుకునే అలవాటు, పక్కన కూర్చోబెట్టుకుని ఒడియాలో జవాబులు రాయించే ఒక ట్యూషన్ మాస్టారు గానీ పదో తరగతి విద్యార్థి గానీ ఉంటే, మార్చి పరీక్షలకు బాబు మొదటి వరుసలోకి రాకపోయినా తరగతిలో కూర్చోగలుగుతాడు. పదో తరగతి పరీక్ష ఏ మాధ్యమంలో రాయడానికి వీలుందో కూడా హెడ్మాస్టరును ఇప్పుడే అడిగి ఉంచుకోండి. ఈ దారిలో చిక్కల్లా మీ తీరిక. మీరు పొయ్యి దగ్గర ఉండగానే అతను బయలుదేరతాడు గనుక, బడికి చేరాడో లేదో రోజూ చెప్పే మనిషి ఒకరు కావాలి. క్లాసు టీచరు ఫోన్‌లో ఒక్క మాట చెప్పినా చాలు. నిఘా పెట్టారన్న భావం రాకుండా, ఈ ఏర్పాటు బాబుకు తెలిసేలాగే చేయండి.

టెక్కలికి పంపడం విషయంలో మీ అన్నయ్యగారి ప్రేమను తప్పుపట్టను గానీ, ఈ చలికాలంలో మధ్యలో పంపడం అంత తెలివైన పని కాదు. ఈ ఏడాది చదువు రెండు చోట్లా సగం సగం అవుతుంది. పంపదలచుకుంటే ఇక్కడ మార్చి పరీక్షలు రాసి, టీసీ తీసుకుని, అక్కడ జూన్‌లో బడులు తెరిచే వేళకు చేరాలి. అక్కడికి వెళితే తెలుగులోనే చదువుతాడనుకుంటే పొరపాటు, అక్కడి ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు ఇంగ్లీషు మాధ్యమమే ఎక్కువ, తెలుగు ఎదురు పేజీలో తోడుగా ఉంటుందంతే. హిందీ ద్వితీయ భాషగా తప్పనిసరి, పాసు మార్కులు తక్కువైనా అసలు రాని పిల్లవాడికి అదొక కొత్త మెట్టు. మరో సంగతి చాలామంది తల్లిదండ్రులకు ఇంటరు అయ్యాకగానీ తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగు వంటి కోర్సుల సీట్లలో 85 శాతం స్థానికులకే కేటాయిస్తారు. అర్హత పరీక్షతో, అంటే ఇంటరుతో, ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడ చదివితే స్థానికుడవుతాడు. తొమ్మిది, పది, ఇంటరు రెండేళ్లు కలిస్తే సరిగ్గా నాలుగు. అంటే బాబు అక్కడికి వెళ్లి తొమ్మిది మళ్లీ చదివితే ఒక ఏడాది పోయినట్టు కనిపించినా స్థానికత దక్కుతుంది, నేరుగా పదిలో చేరితే ఏడాది మిగులుతుంది గానీ ఆ లెక్క మూడేళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంజనీరింగు ఆలోచన లేకపోతే ఇది పట్టించుకోనక్కరలేదు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా ఒక భాషగా పాసై ఉండాలన్న నియమం ఉంది. బాబు ఏడో తరగతి మార్కుల కాగితంలో ఒడియా ఉంటే దాన్ని జాగ్రత్తగా దాచండి, ఎక్కడ చదివినా అది పనికొస్తుంది. టెక్కలిలో మేనమామ ఇంట్లో ఉండటం, పాతపట్నం బడికి ఇంటి నుంచే వెళ్లి రావడం అన్నవి కూడా వేర్వేరు జీవితాలు. ఇంటికి దూరంగా ఉన్న పద్నాలుగేళ్ల పిల్లవాడు అక్కడ బడి మానితే మీకు తెలిసేసరికి ఇంకా ఆలస్యమవుతుంది.

పొరుగింటావిడ చెప్పినట్టు రెండు చోట్లా పేరు ఉంచాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. ఇప్పుడు దేశంలో ప్రతి విద్యార్థికీ శాశ్వత విద్యా సంఖ్య ఉంది, యూడైస్ ప్లస్ అనే దేశవ్యాప్త బడుల నమోదులో ఒక పిల్లవాడు ఒకేసారి ఒక బడిలోనే లెక్కకు వస్తాడు, ఇక్కడి బడి వదిలితేనే అక్కడి బడి చేర్చుకోగలదు. తల్లి ఖాతాలో పడుతుందని ఆవిడ చెప్పిన తల్లికి వందనం పథకం డబ్బు సంగతి కూడా అంతే, అది ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ఉద్దేశించినది, దానికీ 75 శాతం హాజరు నియమం ఉంది. పర్లాకిమిడిలో కాపురముంటూ దాని మీద ఆశ పెట్టుకోవడం అనవసరం.

ఏ బడీ సరిపడదని తేలితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి తెలుగు మాధ్యమంలోనే రాసే వీలుంది, పద్నాలుగేళ్లు నిండితే చాలు, రోజువారీ హాజరు ఉండదు. దీన్ని నేను చివరన పెట్టడానికి కారణం ఉంది. రోజూ ఎక్కడికీ వెళ్లనక్కరలేని చదువుకు చాలా క్రమశిక్షణ కావాలి, మీ ఇంట్లో పగలంతా దాన్ని చూసే మనిషి లేరు. బాబు ఆ ఏర్పాటులో పుస్తకం తెరవడం కంటే పాతపట్నం దుకాణంలో పూర్తికాలపు పనివాడు కావడమే ఎక్కువ సంభవం.

ఆ దుకాణాన్ని శత్రువుగా చూడవద్దు. సిగ్గుపడకుండా కూర్చోగలిగిన చోటు అతనికి అదొక్కటే దొరికింది, ఆ 1,400 రూపాయలను ఖర్చుపెట్టకుండా దాచుకున్న పిల్లవాడు చెడిపోయాడని నేననుకోను. యజమానిని ఒకసారి మీరే కలిసి, బడి ఉన్న రోజు రానివ్వవద్దని, ఆదివారాలు మాత్రం నేర్పమని అడగండి. ఎలక్ట్రానిక్స్ పని మీద నిజంగా ఇష్టముంటే పదో తరగతి పాసైనవాళ్లకు ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ కోర్సు ఉంది, రెండేళ్లది, దానికి లెక్కలు, సైన్సు కావాలి. ఇప్పుడు తప్పించుకుంటున్న ఆ రెండు పీరియడ్లే రేపు దుకాణం పెట్టుకోవడానికి అవసరమని బాబుకు మీరు చెబితే ఉపదేశంలా ఉంటుంది, అదే మాట దుకాణం యజమాని చెబితే వింటాడు.

మీ వారికి చెప్పకుండా ఇంకా ఎన్నాళ్లో గడపలేరు. హెడ్మాస్టరు ఇంకోసారి ఫోన్ చేస్తే ఆయనకే చేయవచ్చు, అప్పుడు కొడుకు మీద కోపం కాస్తా మీ మీదకు తిరుగుతుంది. ఆయన ఇంట్లో ఉన్న రోజున, రిజిస్టర్ నుంచి ఎక్కించుకున్న కాగితమూ, మిగిలిన 88 రోజుల లెక్కా ముందు పెట్టి మాట్లాడండి, "వాడు బడి ఎగ్గొడుతున్నాడు" అన్న మాటతో మొదలుపెట్టకండి. క్లీనరు మాట ఎత్తితే వాదించనక్కరలేదు, లారీ వంటి రవాణా వాహనం నడిపే లైసెన్సు ఇరవై ఏళ్లు నిండితేగానీ రాదని ఆయనకు మీకంటే బాగా తెలుసు. ఆరేళ్లు క్లీనరుగానే ఉంచడానికి సిద్ధమా అని మాత్రం అడగండి. ఆ ఆరేళ్లలో పదీ, ఐటీఐ రెండూ పూర్తిచేయడానికి చోటుంది, ఆ తర్వాత లారీ ఎక్కాలన్నా ఎవరూ కాదనరు.

వచ్చే ఏడాది ఎక్కడన్న నిర్ణయాన్ని మార్చి పరీక్షల తర్వాతకు వాయిదా వేసి, అప్పుడు బాబును కూర్చోబెట్టి అడగండి. ఈ నాలుగు నెలలూ ఒడియా పాఠం కొంతైనా లొంగిందా లేదా అన్నది అప్పటికి అతనికే తెలుస్తుంది. లొంగితే ఉన్న బడిలోనే పది పూర్తిచేయడం అన్నిటికంటే తక్కువ నష్టమున్న దారి అని నా అభిప్రాయం. లొంగకపోతే జూన్‌లో పాతపట్నంలోనే, ఇంటి నుంచి వెళ్లి వచ్చేలా, తొమ్మిది మళ్లీ చదివించడం టెక్కలి కంటే మేలు.

ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంతో దాటేసిన పాప సంగతి కూడా చెప్పాలి. సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయులుగా పనిచేసిన ఊరు మీది, అయినా తెలుగు బడి ఏడుతో ఆగిపోయాక పిల్లలు ఒక్క వేసవిలో మాధ్యమం మారవలసి రావడం మీ ఊరికి నేటికీ తప్పలేదు. పాప ఎనిమిదికి వెళ్లడానికి ఇంకా ఏడాదికి పైగా ఉంది. ఇప్పటి నుంచే వారానికి రెండు సాయంత్రాలు ఆరో తరగతి ఒడియా లెక్కల పుస్తకం తెరిపించి, ఆ అంకెలతోనే లెక్కలు చేయించండి. చేయించే పని, ట్యూషన్ మాస్టారు దొరికేదాకా, బాబుకే అప్పగించవచ్చు.